మరణ చోదన ఎవరి ఆలోచన: ఫ్రాయిడ్‌దా, స్పీల్‌రైన్‌దా?

ప్రశ్న: నేను ఎం.ఏ. సైకాలజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. వచ్చే నెల సెమినార్‌లో ‘డెత్ ఇన్‌స్టింక్ట్’ (మనిషిని లోపలి నుంచి మరణం వైపు నెట్టే శక్తి) అనే భావన ఎలా పుట్టిందో తెలుగులో 20 నిమిషాలు చెప్పాలి. ఫ్రాయిడ్ దీన్ని సబీనా స్పీల్‌రైన్ అనే మనోవిశ్లేషకురాలి దగ్గర దొంగిలించాడని ఒకచోట చదివాను. కూతురు చనిపోయిన దుఃఖంలో రాశాడని మరొకచోట ఉంది. అసలిది మన ఉపనిషత్తుల నుంచే వెళ్లిందని మా బంధువు ఒకాయన అంటున్నారు. ఎవరి పేరు చెప్పాలి? దేన్ని ఎక్కడ సరిచూసుకోవాలి? తెలుగులో ఏ మాట వాడాలి? మా పాఠ్యపుస్తకంలో ‘మృత్యు సహజాతం’ అని ఉంది.

సమాధానం: ముందు ఒక ఫుట్‌నోట్ చదవండి. మిగతావన్నీ తర్వాత. ఫ్రాయిడ్ 1920లో ప్రచురించిన ‘సుఖ సూత్రానికి ఆవల’ అనే చిన్న పుస్తకంలో ఏడు అధ్యాయాలున్నాయి. ఆ ఫుట్‌నోట్ ఆరో అధ్యాయంలో, మాసోకిజం (తనను తాను బాధపెట్టుకుని సుఖపడటం) ప్రస్తావన వచ్చిన చోట, పేజీ అడుగున ఉంటుంది. అనువాదకుడు స్ట్రేచీ సంపాదకత్వంలో ఇంగ్లీషులో వచ్చిన ఫ్రాయిడ్ రచనల 24 సంపుటాల్లో 18వది తీయండి, దొరుకుతుంది. అందులో ఫ్రాయిడ్ అనేది స్థూలంగా ఇదీ: ఈ ఊహాగానాల్లో చాలా భాగం సబీనా స్పీల్‌రైన్ 1912లోనే చెప్పింది, ఆ వ్యాసం ఆసక్తికరమైనది, నేర్చుకోదగ్గది, కాకపోతే దురదృష్టవశాత్తూ నాకు పూర్తిగా బోధపడలేదు, లైంగిక చోదనలోని, అంటే లోపలి నుంచి నెట్టే లైంగిక శక్తిలోని, శాడిస్టిక్ (ఎదుటివాళ్లను బాధపెట్టి సుఖపడే) అంశాన్ని ఆమె ‘విధ్వంసక’మంది.

దొంగిలించిన సొమ్ము మీద సొంతదారు పేరు ఎవరూ రాసిపెట్టరు. కాబట్టి ‘దొంగిలించాడు’ అన్న మాట మీ పేపర్‌లోకి రానివ్వకండి. అలాగని ఫ్రాయిడ్ ఆమెకి ఇవ్వాల్సిందంతా ఇచ్చాడనీ అనలేం. పేరు చెప్పాడు, ఆ వెంటనే నాకర్థం కాలేదన్నాడు. ఇంకో పదేళ్లకి, 1930లో నాగరికత మీద రాసిన పుస్తకం ఆరో అధ్యాయంలో, మనోవిశ్లేషణ సాహిత్యంలో విధ్వంసక చోదన అనే ఆలోచన మొదటిసారి తలెత్తినప్పుడు తాను దాన్ని ఎలా అడ్డుకున్నదీ, ఒప్పుకోడానికి ఎంతకాలం పట్టిందీ గుర్తుచేసుకున్నాడు. అక్కడ ఆమె పేరు లేదు. ఈ రెండు చోట్లనీ పక్కపక్కన పెట్టి చూపిస్తే, మీరు ఎవరినీ నిందించక్కర్లేదు. వినేవాళ్లే గ్రహిస్తారు.

ఇప్పుడు తేదీలు. భావనల పుట్టుక గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఒక ఆలోచన డైరీలోకి వచ్చిన తేదీ వేరు, నలుగురి ముందు చెప్పిన తేదీ వేరు, అచ్చయిన తేదీ వేరు, దానికి పేరు పడిన తేదీ వేరు. అన్నీ కలిపి ఒకే సంవత్సరం వేస్తే లెక్క తప్పుతుంది.

స్పీల్‌రైన్ 1885లో రష్యాలోని రొస్తోవ్‌లో యూదు కుటుంబంలో పుట్టింది. 1904 ఆగస్టులో జూరిక్‌లోని బుర్గ్‌హోల్జ్‌లీ మానసిక చికిత్సాలయంలో రోగిగా చేరింది. ఆమెకు వైద్యం చేసింది కార్ల్ యూంగ్. 1905 జూన్‌లో అక్కడి నుంచి బయటికొచ్చి, అదే ఊళ్లో మెడిసిన్ చదివి, 1911లో స్కిజోఫ్రీనియా ఉన్న ఒక రోగి మాటల మీద థీసిస్ సమర్పించి డాక్టరైంది. ఈ దశలో యూంగ్‌తో ఆమె అనుబంధం గురించి సినిమాలు, నవలలు చాలానే వచ్చాయి. మీ 20 నిమిషాల్లో దానికి ఒక్క వాక్యం చాలు. సభలో జనం అడిగేది మాత్రం దాని గురించే, ఆ సంగతి గుర్తుంచుకోండి.

1910 నవంబరు నాటి ఆమె డైరీలో, తన ఆలోచనని యూంగ్ వాడేసుకుంటాడేమో అన్న భయం స్పష్టంగా కనిపిస్తుంది. గమనించండి, ఆమె భయపడింది యూంగ్ గురించి. ఫ్రాయిడ్ ఊసు అక్కడ లేదు. పైగా ఈ డైరీ, ఉత్తరాలు 1977లో జెనీవాలోని ఒక పాత భవనం నేలమాళిగలో దొరికాయి. 1980లో ఇటలీలో కరోటెనూటో వాటిని అచ్చువేశాడు. ఫ్రాయిడ్ 1939లోనే పోయాడు. డైరీని చూపించి ‘ఫ్రాయిడ్ ఇది చదివే ఉంటాడు’ అనేవాళ్లు ఈ తేదీలు చూసుకోరు.

ఫ్రాయిడ్ చెవిన పడ్డది వేరే చోట. 1911 అక్టోబరు 11, బుధవారం, వియన్నా మనోవిశ్లేషణ సంఘం సమావేశంలో ఆమెను సభ్యురాలిగా తీసుకున్నారు. ఫ్రాయిడ్‌తో విభేదించిన ఆడ్లర్ పక్షాన మిగిలినవాళ్లు సంఘం వదిలి వెళ్లిపోయింది కూడా ఆ సాయంత్రమే. ఆడ్లర్ 1908లోనే ‘ఆక్రమణ చోదన’ అన్న భావన తెస్తే ఫ్రాయిడ్ దాన్ని ఒప్పుకోలేదు. అంటే విధ్వంసం అన్న మాట వినిపిస్తేనే ఉలిక్కిపడే వాతావరణంలోకి ఆమె అడుగుపెట్టింది. ఈ సందర్భం చెప్పకుండా నేరుగా ఆమె ప్రసంగానికి వెళ్తే, అంత వ్యతిరేకత ఎందుకొచ్చిందో వినేవాళ్లకి అందదు.

1911 నవంబరు 29న, అదీ బుధవారమే, ఆమె తన వ్యాసంలోని ఒక భాగం చదివింది. చర్చను సంఘం కార్యదర్శి ఓటో రాంక్ రాసిపెట్టాడు. ఆ మినిట్స్ ఇంగ్లీషులో నాలుగు సంపుటాలుగా ఉన్నాయి, మీకు కావాల్సింది మూడోది. మర్నాడే ఫ్రాయిడ్ ఈ ప్రసంగం గురించి యూంగ్‌కి ఉత్తరం రాశాడు. 1912 మార్చిలో మళ్లీ యూంగ్‌కే రాస్తూ, ఆమె చెప్పే విధ్వంసక చోదన తనకంత నచ్చలేదనీ, అది ఆమె సొంత జీవితం వల్ల ఏర్పడిందని తాననుకుంటున్నాననీ అన్నాడు. ఈ ఉత్తరాలు 1974లో అచ్చయిన ఫ్రాయిడ్–యూంగ్ లేఖల సంపుటిలో ఉన్నాయి. కాబట్టి ఫ్రాయిడ్‌కి 1920 దాకా తెలియదనడం కుదరదు. ఎనిమిదేళ్ల ముందే విన్నాడు, వద్దనుకున్నాడు.

వ్యాసం అచ్చయింది 1912లో, యూంగ్ సంపాదకుడిగా ఉన్న వార్షిక పత్రిక నాలుగో సంపుటంలో, 465 నుంచి 503 దాకా. 39 పేజీలు. శీర్షిక ‘ఉద్భవానికి కారణంగా విధ్వంసం’. 1990లలో ఇంగ్లీషులోకి వచ్చింది. యూంగ్ తన ‘పరివర్తన చిహ్నాలు’ పుస్తకాన్ని 1952లో తిరగరాసినప్పుడు, మరణ చోదన అన్న ఆలోచనని తన శిష్యురాలు డాక్టర్ స్పీల్‌రైన్ పెంచిందనీ, దాన్ని తర్వాత ఫ్రాయిడ్ అందుకున్నాడనీ ఒక నోటు పెట్టాడు. ‘ఆమెదే ఫ్రాయిడ్ తీసుకున్నాడు’ అనేవాళ్లు ఆసరాగా పట్టుకునే మాటల్లో ఇదొకటి. కానీ 1952 నాటికి యూంగ్, ఫ్రాయిడ్ విడిపోయి దాదాపు 40 ఏళ్లు. ఆ నోటును సాక్ష్యంగా తీసుకునేటప్పుడు, చెబుతున్నది ఎవరో మనసులో పెట్టుకోండి.

ఇక్కడిదాకా తేదీలు. మీ పేపర్‌కి ప్రాణం మాత్రం వీటిలో లేదు. ఆ 39 పేజీల్లో ఆమె ఏం చెప్పింది, అది ఫ్రాయిడ్ చెప్పినదేనా అన్నదాంట్లో ఉంది. రెండూ ఒకటే అనుకుని రాసే వ్యాసాలు ఆమెను నెత్తిన పెట్టుకుంటున్నామనుకుంటూ ఆమె సొంత ఆలోచనని చెరిపేస్తున్నాయి. ఇది మాకు నిజంగా బాధ కలిగించే విషయం.

స్పీల్‌రైన్ మొదలుపెట్టింది ఒక మామూలు ప్రశ్నతో. సంతానాన్ని కనే శక్తి మనిషికి గొప్ప సుఖాన్నిచ్చేదైతే, దాని వెంట భయం, జుగుప్స ఎందుకు వస్తాయి? బయటి కట్టుబాట్ల వల్లనేనా? కాదంది. ఆ చోదన స్వభావంలోనే అవి ఉన్నాయంది. వ్యాసం మూడు భాగాలు. మొదట జీవశాస్త్రం: స్త్రీ పురుష కణాలు కలిసినప్పుడు రెండూ తమ రూపు పోగొట్టుకుంటేనే మూడోది ఏర్పడుతుంది. కొన్ని పురుగులు సంతానాన్నిచ్చి చచ్చిపోతాయి. రెండోది వ్యక్తి మనస్సు: మనలో ‘నేను’గా నిలిచి ఉండాలనే భాగం ఒకటి, జాతిలో కలిసిపోవాలనే భాగం ఇంకొకటి. ప్రేమలో రెండోది పైకొస్తుంది, ‘నేను’ కరిగి ‘మేము’ అవుతుంది. ఆ కరగడానికే భయం. మూడో భాగంలో పురాణగాథలు: బైబిల్లోని జీవవృక్షం, జర్మన్ గాథల్లోని సీగ్‌ఫ్రీడ్, బ్రూన్‌హిల్డ్. అక్కడ ఆమె చూపేది మరణం కొత్త జన్మకి ద్వారం కావడం.

విత్తు పగిలితేనే మొలక వస్తుంది. ఆమె ‘విధ్వంసం’ ఆ పగలడం. ఈ పోలిక మాది, ఆమెది కాదు, కానీ మీ శ్రోతలకి ఇదొక్కటి చెబితే చాలావరకు అందుతుంది. ఆమె దృష్టిలో పగిలేదీ మొలకెత్తేదీ ఒకే చోదన. తనను తాను కాపాడుకునే చోదన ఉన్నచోటే ఉంటుంది, జాతిని నిలిపే చోదన మాత్రం కూలుస్తూ కడుతుంది.

ఇప్పుడు ఫ్రాయిడ్ పుస్తకం తీయండి. అతన్ని కలవరపెట్టింది వేరే సమస్య. 1918 సెప్టెంబరులో బుడాపెస్ట్‌లో జరిగిన మహాసభలో ముఖ్య చర్చ యుద్ధ న్యూరోసిస్ (యుద్ధానుభవం వల్ల వచ్చే మానసిక రుగ్మత) మీద నడిచింది. యుద్ధంలో దెబ్బతిన్న మనిషి ప్రతి రాత్రీ కలలో అదే ప్రమాదంలోకి తిరిగి వెళ్తాడు, భయంతో లేచి కూర్చుంటాడు. కల కోరిక తీర్చుకోడానికే అని 1900 నుంచీ చెప్పిన వ్యక్తికి ఇది కొరుకుడుపడలేదు. చికిత్సలో ఉన్నవాళ్లు కూడా చిన్ననాటి చేదు అనుభవాలనే డాక్టరు దగ్గర మళ్లీ మళ్లీ నడిపించుకుంటారు. 1914లో రాసిన వ్యాసంలోనే దీనికి ‘పునరావృత్తి నిర్బంధం’ అన్న పేరు పెట్టాడు. సుఖం ఇవ్వనిదాన్ని మనసు ఎందుకు మళ్లీ చేస్తుంది? పుస్తకం కూర్చున్న పీట ఈ ప్రశ్నే. స్పీల్‌రైన్ వ్యాసంలో ఈ ప్రశ్న లేదు.

రెండో అధ్యాయంలోని పసివాడి ఆటని తప్పకుండా వివరించండి. ఏడాదిన్నర పిల్లాడు. దారం కట్టిన చెక్క రీలు అతని చేతిలో. తెర వేసిన తన మంచం అంచు మీదుగా దాన్ని లోపలికి విసురుతాడు. రీలు కనిపించకుండా పోగానే ‘ఓ–ఓ–ఓ–ఓ’ అని సాగదీస్తాడు. తల్లి, ఫ్రాయిడ్ ఇద్దరూ అది ‘ఫోర్ట్’ అన్న మాటనే అనుకున్నారు, అంటే ‘పోయింది’ అని. తర్వాత దారం లాగి రీలు బయటికి రాగానే ‘డా!’ అంటాడు, ‘ఇదిగో!’ అని. తల్లి తనను వదిలి బయటికి వెళ్లినా ఏడవని బుద్ధిమంతుడు, ఆమె పోవడం రావడం ఇలా ఆడుకుంటున్నాడని ఫ్రాయిడ్ అర్థం చేసుకున్నాడు. అయితే చిక్కు ఒకటుంది: పోయే భాగాన్నే పిల్లాడు ఎక్కువసార్లు ఆడేవాడు. పిల్లల చేత దాగుడుమూతలాడించిన ప్రతి ఇంట్లోనూ ఈ ఆట అర్థమవుతుంది, దీనికి మీరు మూడు నిమిషాలు కేటాయించినా తప్పులేదు. కానీ దీన్ని మరణ చోదనకి రుజువుగా చూపించకండి. ఫ్రాయిడ్ కూడా ఈ ఆట ఒక్కదాంతో ఏమీ తేలదనే వదిలేశాడు.

నాలుగో అధ్యాయం మొదట్లోనే, ఇక్కడి నుంచి చెప్పేది ఊహాగానమనీ, చాలా దూరం లాగిందనీ అతనే హెచ్చరిస్తాడు. అయిదో అధ్యాయంలో ప్రసిద్ధమైన మాట వస్తుంది, సమస్త జీవానికీ గమ్యం మరణమని. ప్రాణం లేని పదార్థంలో ఎప్పుడో ప్రాణం రేగింది, ఆ రేగిన ఒత్తిడి దించుకుని మళ్లీ ప్రాణం లేని స్థితికి చేరాలన్నదే మొట్టమొదటి చోదన, అంటాడు. ఆరో అధ్యాయంలో జీవశాస్త్రం దగ్గర సాక్ష్యం వెతుక్కుంటాడు. దేహకణాలు చస్తాయి, బీజకణాలు కొనసాగుతాయన్న జీవశాస్త్రజ్ఞుడు వైస్‌మాన్ సిద్ధాంతం చూస్తాడు. ఒక ఏకకణ జీవికి ప్రతిసారీ కొత్త నీళ్లు పోస్తూ వుడ్రఫ్ 3,029 తరాల దాకా సజీవంగా నిలిపిన ప్రయోగమూ ప్రస్తావిస్తాడు. తన వాదానికి ఎదురుగా నిలిచే ప్రయోగాన్ని దాచకుండా పెట్టడం ఈ అధ్యాయంలో మెచ్చుకోవాల్సిన విషయం.

ఇద్దరి తేడా మీకు ఒక స్లైడ్‌లో కావాలంటే ఈ ఒక్క ప్రశ్న రాయండి: కూలేది దేనికోసం? స్పీల్‌రైన్ జవాబు, కొత్తది పుట్టడం కోసం. ఫ్రాయిడ్ జవాబు, ఏ ఒత్తిడీ లేని పాత స్థితికి తిరిగి పోవడం కోసం. ఆమెది ఒకే చోదనలోని రెండు ముఖాలు. అతనిది ఎదురెదురు నిలిచిన రెండు చోదనలు, ఎరోస్ (కలిపి నిలిపే జీవ చోదన) ఒకవైపు, మరణం ఇంకోవైపు. మరణ చోదన బయటికి మళ్లితే ఎదుటివాడి మీద దాడి అవుతుందన్న వాదం కూడా ఫ్రాయిడ్‌దే. కాబట్టి, విధ్వంసాన్ని చోదనల లెక్కలోకి తెచ్చిన గౌరవం స్పీల్‌రైన్‌కి ఇవ్వండి, మరణ చోదన అనే నిర్మాణాన్ని ఫ్రాయిడ్ పేరున ఉంచండి. ఫుట్‌నోట్ వాళ్లిద్దరినీ కలిపే వంతెన.

కూతురి మరణం సంగతికొస్తే, ఫ్రాయిడ్ రెండో కూతురు సోఫీ 1920 జనవరి 25న హాంబర్గ్‌లో ఇన్‌ఫ్లుయెంజాతో పోయింది. వయసు 26. గర్భవతి. ఆ రీలు ఆట ఆడిన పిల్లాడు ఆమె కొడుకే. పుస్తకం చిత్తుప్రతి మొదలైంది మాత్రం 1919 మార్చిలో, ఆమె ఆరోగ్యంగా ఉన్నప్పుడు. జనం ఇలా అనుకుంటారని ఫ్రాయిడ్ ముందే ఊహించి, సోఫీ బతికి ఉండగానే పుస్తకం సగం పూర్తయిందని నీవు సాక్ష్యం చెప్పగలవు కదా అని 1920 జులైలో మిత్రుడు ఐటింగన్‌కి రాశాడు. కొన్నాళ్లకి విటెల్స్ అనే జీవితచరిత్రకారుడు సరిగ్గా ఆ ముడే వేస్తే, ఒప్పుకోలేదు.

మీరు ఇక్కడితో ‘కాబట్టి కూతురి మరణానికి సంబంధం లేదు’ అని తేల్చేస్తే మళ్లీ పొరపాటే. రాతప్రతులు పరిశీలించిన ఇల్సె గ్రూబ్రిష్–సిమిటిస్ తేల్చిందేమిటంటే, 1919 నాటి మొదటి ప్రతిలో ఇప్పటి ఆరో అధ్యాయం లేదు. తర్వాత చేర్చాడు. ‘మరణ చోదన’ అన్న మాట కూడా అతని ఉత్తరాల్లో సోఫీ పోయిన కొద్ది వారాల్లోనే కనిపిస్తుంది. అంటే ఆలోచన ముందుది, పేరూ విస్తరణా తర్వాతివి. స్పీల్‌రైన్ ఫుట్‌నోట్ ఉన్నది కూడా ఆ చేర్చిన అధ్యాయంలోనే. దుఃఖం ఎంత పని చేసిందో ఎవరూ కొలిచి చెప్పలేరు, తేదీలు చెప్పి అక్కడ ఆగండి.

మీ బంధువుగారి మాట. ఉపనిషత్తు ఆ పుస్తకంలో నిజంగానే ఉంది, ఆయన గాలిలో మాట్లాడటం లేదు. ఆరో అధ్యాయం చివర, స్త్రీ పురుషులు ఒకే దేహంగా ఉండి రెండుగా చీలారన్న ప్లేటో కథ చెప్పి, దీనికి ముందే బృహదారణ్యకంలో ఇదే ఉందని ప్రొఫెసర్ హైన్రిష్ గోంపెర్జ్ తనకు చూపించాడంటూ మొదటి అధ్యాయం, నాలుగో బ్రాహ్మణం, మూడో మంత్రం ఇస్తాడు: ‘స వై నైవ రేమే, తస్మాదేకాకీ న రమతే, స ద్వితీయమైచ్ఛత్’. ఒంటరిగా ఉన్నవాడికి ఆనందం లేదు, రెండో తోడు కావాలనుకున్నాడు అని. కానీ చూడండి, ఫ్రాయిడ్ దీన్ని తెచ్చింది ఎరోస్ కోసం, విడిపోయినవి మళ్లీ కలవాలనే తపన కోసం. మరణం కోసం కాదు. అదీ వాదమంతా అయ్యాక ఉపమానంగా. ‘నిర్వాణ సూత్రం’ (మనసు తనలోని ఒత్తిడిని సున్నాకి దించుకోవాలని చూస్తుందన్న సూత్రం) అన్న మాట కూడా ఫ్రాయిడ్ బౌద్ధ గ్రంథాల నుంచి ఎత్తుకోలేదు, బార్బరా లో అనే బ్రిటిష్ విశ్లేషకురాలు వాడిన మాటగా ఆమె పేరుతోనే తీసుకున్నాడు. బంధువుగారికి మంత్రం సంఖ్యతో సహా చూపించండి, సంతోషిస్తారు.

చివరగా మాట. ఫ్రాయిడ్ వాడింది ‘ట్రీబ్’. జర్మన్‌లో ‘ట్రైబెన్’ అంటే తోలడం. పశువులను తోలడానికీ అదే క్రియ. వెనక నుంచి నెట్టే శక్తి అన్నమాట. గూడు కట్టడం పిచ్చుకకు పుట్టుకతో వచ్చినట్టు వచ్చే దాన్ని జర్మన్‌లో విడిగా ‘ఇన్‌స్టింక్ట్’ అంటారు. స్ట్రేచీ ‘ట్రీబ్’నీ ‘ఇన్‌స్టింక్ట్’గానే ఇంగ్లీషు చేశాడు, దాన్నుంచే మన పాఠ్యపుస్తకాల్లోకి ‘సహజాతం’ వచ్చింది. అందుకే మేం ‘చోదన’ అంటున్నాం. ‘ప్రచోదయాత్’లో ఉన్న ధాతువే, తెలుగు చెవికి కొత్త కాదు. పరీక్షలో మార్కుల కోసం పాఠ్యపుస్తకం మాటే రాయండి, సెమినార్‌లో ‘మరణ చోదన’ అని వాడి ఎందుకో ఒక వాక్యంలో చెప్పండి. ‘చావాలనే కోరిక’ అని మాత్రం అనువదించకండి. ఆత్మహత్య ఆలోచనతో దీన్ని కలిపేస్తారు, ప్రశ్నల సమయమంతా అటే పోతుంది. ‘థానటోస్’ అన్న గ్రీకు పేరు ఫ్రాయిడ్ అచ్చు రచనల్లో లేదు, ప్రచారంలోకి తెచ్చింది మనోవిశ్లేషకుడు పాల్ ఫెడర్న్. స్లైడ్ మీద ఫ్రాయిడ్ పేరు కింద ఆ మాట పెట్టకండి.

20 నిమిషాలనీ ఇలా పంచుకోవచ్చు: ఫుట్‌నోట్‌తో మొదలుపెట్టి రెండు నిమిషాలు, 1911–12 వియన్నా నాలుగు, స్పీల్‌రైన్ వాదం ఐదు, ఫ్రాయిడ్ ప్రశ్న, రీలు ఆట ఐదు, సోఫీ, రాతప్రతి రెండు. ఉపనిషత్తు ప్రశ్నల్లో ఎలాగూ వస్తుంది, అప్పటికి ఉంచుకోండి. మిగిలిన రెండు నిమిషాలు స్పీల్‌రైన్ తర్వాతి జీవితానికి. జెనీవాలో పనిచేసింది, అక్కడ పిల్లల మనస్తత్వ అధ్యయనాలకి పేరుపొందిన ఝాన్ పియాజే ఆమె దగ్గర విశ్లేషణ చేయించుకున్నాడు. 1923లో రష్యాకు తిరిగి వెళ్లింది. 1942 ఆగస్టులో రొస్తోవ్‌ను ఆక్రమించిన నాజీలు ఆమెనూ ఇద్దరు కూతుళ్లనూ వేలాది యూదులతో పాటు జ్మియోవ్‌స్కయా బాల్కా లోయలో చంపేశారు. విధ్వంసం గురించి రాసిన మనిషి విధ్వంసానికే బలైందని రాయాలని మీకు తప్పక అనిపిస్తుంది. రాయకండి. ఆమె రాసిన విధ్వంసం అది కాదు.